జంట తారల జాతకం

ఈ సంచికకి ఒక సైన్సు వ్యాసం కావాలనీ, అందులో సమీకరణాలు మాత్రం ఉండకూడదనీ మన సంపాదక మిత్రుడు షరతు పెట్టాడు. సమీకరణాలు లేకుండా నక్షత్రాల గురించి రాయడమంటే ఉప్పు లేకుండా పప్పు వండడమేనని గొణిగాను. "ఉప్పు మేం కలుపుకుంటాంలే, ముందు నువ్వు వడ్డించు" అన్నాడు. సరే, వడ్డిస్తున్నాను.

మొదట నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన సంవత్సరం మా డిపార్టుమెంటు సెమినార్లో నక్షత్రాల పుట్టుక, చావు గురించి మాట్లాడుతూ, బల్ల గుద్ది మరీ ఒక మాట అన్నాను: "నక్షత్రం పుట్టినప్పుడు దాని ద్రవ్యరాశి ఎంతో చెప్పండి. అది ఎలా బతుకుతుందో, ఎప్పుడు ఎలా చస్తుందో నేను చెబుతాను." చప్పట్లు బాగానే పడ్డాయి. అవి ఆగాక చివరి వరసలో కూర్చున్న మా మాస్టారు లేచి, మెల్లగా ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "దాని పక్కన ఇంకొకటి ఉంటేనో?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఏడాది ఆలస్యంగా నేనిస్తున్న జవాబు.

ఒంటరి తార కథ

నేను సెమినార్లో చెప్పిందంతా అబద్ధం కాదు లెండి. నక్షత్రం ఒంటరిదైతే దాని కథ చాలావరకు పుట్టినప్పటి ద్రవ్యరాశిని బట్టే నడుస్తుంది. నక్షత్రం నడిగర్భంలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతుంటాయి. ఆ మంటే దాని వెలుగు. బరువు ఎక్కువైతే ఇంధనం కూడా ఎక్కువే కదా, ఇంకా ఎక్కువ కాలం బతకాలి అనుకుంటాం. జరిగేది సరిగ్గా తలకిందులు. బరువు పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడీ, వేడిమీ పెరిగి ఇంధనం అంతకు ఎన్నో రెట్లు వేగంగా తగలబడిపోతుంది. సూర్యుడు మొత్తం మీద 1000 కోట్ల సంవత్సరాలు బతుకుతాడు. అంతకు 20 రెట్లు బరువున్న తార కోటి సంవత్సరాలకే ఇంచుమించు దివాలా తీస్తుంది. పెద్దింటి ఖర్చులు పెద్దవి!

సూర్యుడికి సుమారు 8 రెట్లు మించిన తారలని బరువైన తారలు అంటారు. ఇవి ముసలితనంలో విపరీతంగా ఉబ్బుతాయి. మన ఆరుద్ర నక్షత్రం అలా ఉబ్బిన తారే. దాన్ని తీసుకొచ్చి సూర్యుడి స్థానంలో పెడితే మన భూమినీ, కుజుణ్ణీ కూడా తనలో కలిపేసుకుంటుంది. చివరికి ఇలాంటి తార నడిమి భాగం కుప్పకూలి, పై భాగం పేలిపోతుంది. అదే సూపర్‌నోవా. మిగిలేది న్యూట్రాన్ తార గానీ, కృష్ణబిలం గానీ. మనం పీల్చే ఆక్సిజన్ ఇలాంటి బరువైన తారల కడుపుల్లో వండినదే. కాబట్టి వాటి జాతకం తెలుసుకోవడం మన పూర్వీకుల చరిత్ర తెలుసుకోవడమే.

ఇంతవరకు పాఠ్యపుస్తకం. ఇక మాస్టారి ప్రశ్న.

చిత్త ఒకటి కాదు, రెండు

పెళ్ళిలో పురోహితుడు అరుంధతిని చూపించినప్పుడు మనం వసిష్ఠుణ్ణి, అరుంధతిని రెండు చుక్కలుగా చూస్తాం (చూడకపోయినా చూశామంటాం). టెలిస్కోపులూ, వర్ణపటాలూ పట్టుకుని చూసినవాళ్ళకి వసిష్ఠుడిలో నాలుగు తారలు, అరుంధతిలో రెండు తారలు తేలాయి. అయితే ఇవి బరువైనవి కావు. బరువైన జంట కావాలంటే వేసవి రాత్రి మేడ మీద పడుకుని చిత్తని చూడండి. చైత్రమాసానికి పేరిచ్చిన తార అది. మన కంటికి తెల్లగా, ఒంటిగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ రెండు తారలున్నాయి. ఒకటి సూర్యుడికి 11 రెట్ల బరువు, రెండోది 7 రెట్లు. నాలుగు రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. వాటి మధ్య దూరం సూర్యుడికీ బుధుడికీ ఉన్న దూరంలో మూడో వంతే.

ఇది ఏదో ఒక చిత్త విషయం కాదు. 2012లో హ్యూగ్స్ సానా, ఆయన సహచరులు పాలపుంతలోని ఆరు తారాగుచ్ఛాల్లో బాగా బరువైన 71 నక్షత్రాలని పరిశీలించి ఒక లెక్క ప్రచురించారు. ఇలాంటి తారల్లో నూటికి 70కి పైగా తమ జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు తోడు తారతో ద్రవ్యాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయని తేలింది. మొత్తం మీద నాలుగో వంతు అయితే ఏకంగా తోడు తారతో కలిసి ఒకటైపోతాయట. అంటే నేను సెమినార్లో నియమంగా చెప్పిన ఒంటరి కథ, బరువైన తారల విషయంలో, మినహాయింపు!

గట్టు, గండి

ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఎలా? ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. పొలంలో అర్థమైంది.

సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా అన్నయ్యతో కలిసి రాత్రిపూట మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాను. రెండు మళ్ళ మధ్య ఒక గట్టు ఉంటుంది. పై మడిలో నీళ్ళు గట్టుకి లోపల ఉన్నంతవరకు ఆ మడివే. నిండిపోయాక గట్టు ఎక్కడ పల్లంగా ఉందో అక్కడ గండి పడి పక్క మడిలోకి పారతాయి. ఆ తరవాత అవి పక్క మడి నీళ్ళే.

జంట తారల మధ్య కూడా ఇలాంటి గట్టు ఉంటుంది. అది మట్టితో వేసింది కాదు, గురుత్వాకర్షణతో ఏర్పడింది. 19వ శతాబ్దంలో ఎడ్వార్ రోష్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు దీని ఆకారం లెక్కకట్టాడు. తార చుట్టూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపలి వాయువు ఆ తారది. తార ఉబ్బి ఆ హద్దు దాకా వచ్చిందంటే, రెండు తారల మధ్య ఉన్న పల్లపు చోటు గుండా వాయువు పక్క తార మీదికి పారుతుంది. బరువైన తారలు ముసలితనంలో ఎంతగా ఉబ్బుతాయో చెప్పాను కదా. పక్కన దగ్గరగా మరొకటి ఉంటే గండి పడక ఏమవుతుంది?

పొలానికీ ఆకాశానికీ ఒక తేడా ఉంది. ఇక్కడ నీళ్ళు పారితే గట్టు కదలదు. అక్కడ గట్టే కదులుతుంది. బరువైన తార తేలికైన తారకి ద్రవ్యం ఇస్తున్నంతకాలం, కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వ నియమం వల్ల, రెండూ దగ్గరపడతాయి. దగ్గరపడితే హద్దు కుంచించుకుపోతుంది, గండి ఇంకా పెద్దదవుతుంది, ఇంకా ఇంకా పారుతుంది. రెండింటి బరువూ సమానమయ్యాక కథ తిరగబడుతుంది. ఇచ్చేది ఇప్పుడు తేలిక తార కాబట్టి, ఆ తరవాత ఇచ్చేకొద్దీ రెండూ దూరం జరుగుతాయి, ప్రవాహం నెమ్మదిస్తుంది. అందుకే మొదటి సగం వరదలా, రెండో సగం పిల్లకాలువలా సాగుతుంది.

ఈ రెండో దశ ఇప్పుడు జరుగుతున్న చోటు ఒకటుంది. అభిజిత్తు ఉన్న లైరా మండలంలోనే బీటా లైరే అనే జంట ఉంది. అందులో ఇచ్చే తార బరువు సూర్యుడికి సుమారు 3 రెట్లకి దిగిపోయింది. పుచ్చుకునేది 13 రెట్లకి ఎదిగింది. ఏటా కొన్ని భూములంత ద్రవ్యం అటునుంచి ఇటు పారుతోంది. అవి ఒక చుట్టు తిరగడానికి 13 రోజులకి కాస్త తక్కువ పడుతుంది. ఆ కాలం ఏడాదికి 19 సెకన్ల చొప్పున పెరుగుతూ వస్తోంది. రెండూ దూరం జరుగుతున్నాయని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆల్గాల్ చిక్కు

ఈ సంగతి శాస్త్రజ్ఞులకి మొదట తట్టింది ఒక దయ్యం వల్ల. పర్సియస్ మండలంలోని ఆల్గాల్ అనే తార పేరుకి అరబ్బీలో దయ్యం అనే అర్థం ఉంది. అది రెండు రోజుల 21 గంటలకొకసారి మసకబారి మళ్ళీ వెలుగుతుంది. 1783లో ఇంగ్లండులో జాన్ గుడ్రిక్ అనే 18 ఏళ్ళ కుర్రాడు, దాని చుట్టూ తిరిగే మరొకటి అడ్డం రావడం వల్ల ఇలా జరుగుతుండవచ్చని చెప్పాడు. అతను చెవిటివాడు. 21 ఏళ్ళకే పోయాడు. బీటా లైరే వెలుగులోని మార్పుని 1784లో కనిపెట్టిందీ అతనే. మన వయసువాళ్ళమే కదా, మనమేం చేస్తున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి! ఇలాంటి గ్రహణ జంట తారల వెలుగుని కొలిచే పని మన తెలుగు నేల మీద కూడా జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపు అందుకు పనికొచ్చింది.

ఆల్గాల్‌లో ఒక తార సూర్యుడికి 3 రెట్లకి కొంచెం పైన. రెండోది సూర్యుడిలో ముప్పాతిక కూడా లేదు. చిక్కు ఏమిటంటే, ముసలితనం వచ్చి ఉబ్బింది చిన్నది! పెద్దదేమో ఇంకా పడుచుగా ఉంది. రెండూ ఒకేసారి పుట్టిన తోబుట్టువులు. బరువైనది ముందు ముసలిదవ్వాలని కదా మన సూత్రం? సూత్రం తప్పా, చూపు తప్పా?

రెండూ కావు. 1955లో జాన్ క్రాఫర్డ్ జవాబు చెప్పాడు. ఈనాటి చిన్నది ఒకప్పటి పెద్దది. అదే ముందు ఎదిగింది, ముందు ఉబ్బింది, తన ద్రవ్యంలో ఎక్కువ భాగం పక్కదానికి ఇచ్చేసి చిన్నదైపోయింది. ఈనాటి పెద్దది అప్పుడు చిన్నదే. పుచ్చుకుని పెద్దదైంది.

ఇది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. కారణం ఖగోళశాస్త్రం కాదు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చిన ఏడు మా అన్నయ్య ఇంటర్ మధ్యలో ఆపేసి అరక పట్టాడు. నేను హైస్కూల్లో ఉన్నాను. లెక్కల్లో వాడు నాకంటే ఎన్నో మెట్లు పైన. నాకు బీజగణితం నేర్పింది వాడే, పొలం గట్టు మీద కూచోబెట్టి. ఇప్పుడు నేను ఎమ్మెస్సీ, వాడు పదో తరగతి పాసు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు మమ్మల్నిద్దర్నీ చూసి, "తమ్ముడు తెలివైనవాడు, చదువుకున్నాడు. అన్నకి పాపం చదువబ్బలేదు" అంటారు. వాడు నవ్వి ఊరుకుంటాడు. నేనూ ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఆల్గాల్‌ని చూసి ఇవాళ్టి బరువుని బట్టి నిన్నటి చరిత్ర చెప్పేవాడు ఎంత పొరపడతాడో, వాళ్ళూ అంతే పొరపడుతున్నారు.

నక్షత్రాలకి త్యాగాలు, ప్రేమలు ఉండవు, నాకు తెలుసు. అక్కడ ఉన్నది గురుత్వాకర్షణ ఒక్కటే. ఆ మాట చెప్పి మళ్ళీ దారిలో పడతాను.

ఇచ్చినదాని గతి, పుచ్చుకున్నదాని గతి

ఆల్గాల్ మరీ బరువైన జంట కాదు. ఇదే వ్యవహారం నిజంగా బరువైన తారల మధ్య జరిగితే ఫలితాలు ఇంకా పెద్దవి.

ఇచ్చిన తార పై హైడ్రోజన్ పొర పోగొట్టుకుని, లోపలి హీలియం బయటపడి నిలుస్తుంది. 1867లో పారిస్‌లో వోల్ఫ్, రయే అనే ఇద్దరు ఇలాంటి వింత తారలని మొదట గుర్తించారు. అందుకే వాటికి వోల్ఫ్-రయే తారలని పేరు. అన్నిటికంటే ప్రకాశవంతమైనది గామా వెలోరమ్. మాఘ ఫాల్గుణాల్లో సాయంత్రం దక్షిణాన అగస్త్య నక్షత్రానికి తూర్పుగా మామూలు కంటికే కనిపిస్తుంది. అందులో వోల్ఫ్-రయే తార సూర్యుడికి సుమారు 9 రెట్లు, దాని తోడు 28 రెట్లు. ఇప్పటి లెక్కల ప్రకారం మొదట బరువైనది ఆ 9 రెట్లదే. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైణు బప్పుకి వోల్ఫ్-రయే తారలంటే ప్రత్యేకమైన అభిమానం. ఆయన సహచరుడితో కలిసి ఈ జంట కక్ష్యని 1967లో కొడైకెనాల్ వేధశాల నుంచి ప్రచురించాడు. అవి ఒకదాని చుట్టూ ఒకటి 78 రోజుల పైచిలుకులో తిరుగుతాయి.

తార తన సొంత గాలులతోనే ఈ పొరని ఊదేసుకుంటుందని చాలాకాలం నమ్మారు. ఆ గాలులు మనం అనుకున్నంత బలమైనవి కావని తరవాతి కొలతల్లో తేలడంతో తోడు తారల మీదికి చూపు మళ్ళింది. 1993 మార్చిలో ఎమ్-81 గెలాక్సీలో ఒక సూపర్‌నోవా పేలింది. మొదట దాని వర్ణపటంలో హైడ్రోజన్ కనబడింది, కొన్ని వారాల్లో అది తగ్గి హీలియం పైకొచ్చింది. అంటే పేలిన తారకి హైడ్రోజన్ పలచటి చొక్కాలా మాత్రమే మిగిలి ఉందన్నమాట. మరి కోటు ఏమైంది? పదేళ్ళు దాటాక, 2004లో, పేలుడు వెలుగు తగ్గిన చోట తోడు తార జాడ దొరికింది. కోటు తొడుక్కున్నవాడు దొరికాడు!

పుచ్చుకున్న తారకి లాభం ఒక్క బరువే కాదు. కొత్త హైడ్రోజన్ నడిగర్భంలోకి కలిసి దానికి మళ్ళీ పడుచుదనం వస్తుంది. పక్కనించి పడే వాయువు తోపుకి బొంగరంలా గిరగిరా తిరుగుతుంది. ఈలోగా ఇచ్చిన తార పేలిపోయిందనుకోండి, తాడు తెగిన ఒడిసెల రాయిలా ఇది ఒంటరిగా దూసుకుపోవచ్చు. ఈ వివరణ 1961లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లావ్ ఇచ్చాడు. వృశ్చికరాశి పక్కన ఉన్న జీటా ఓఫియూకి ఇలాంటిదేనని అంచనా. సూర్యుడికి 20 రెట్ల బరువుతో, సెకనుకి సుమారు 400 కిలోమీటర్ల వేగంతో తన చుట్టూ తాను తిరుగుతూ, అంతరిక్షంలోని వాయువుని పడవ నీటిని చీల్చినట్టు చీల్చుకుంటూ పోతోంది. చూసేవాళ్ళకి అది ఒంటరి తారే. కానీ దాని వంటి మీద ఉన్న ఆస్తిలో కొంత దానిది కాదు.

ఒకే దుప్పటి కింద

వరద మరీ ఎక్కువైతే పుచ్చుకునే తార అంతా ఇముడ్చుకోలేదు. అప్పుడు వాయువు రెండింటినీ కప్పేస్తుంది. దీన్ని 1976లో పోలిష్ శాస్త్రజ్ఞుడు పచిన్‌స్కీ వివరించాడు. ఒకే దుప్పటి కింద పడుకున్న ఇద్దరు పిల్లల్లా రెండూ లోపల కదులుతుంటాయి. ఆ రాపిడికి వేగం తగ్గి లోపలికి, ఇంకా లోపలికి జారతాయి. చివరికి దుప్పటిని తన్నేసి బాగా దగ్గరైన జంటగా మిగలవచ్చు. లేదా రెండూ కలిసి ఒకే తార అయిపోవచ్చు.

1987 ఫిబ్రవరి 23న పెద్ద మెగెల్లనిక్ మేఘంలో కనిపించిన సూపర్‌నోవా ఇలా కలిసిపోయిన తారదేనని చాలామంది అభిప్రాయం. పుస్తకం ప్రకారం పేలాల్సింది ఉబ్బిన ఎర్ర తార. పేలిందేమో నీలి తార! పైగా దాని చుట్టూ ముందే మూడు వాయు వలయాలున్నాయి. సుమారు 20,000 సంవత్సరాల కిందట రెండు తారలు ఒకటై, ఆ తొక్కిసలాటలో విసిరేసిన వాయువే ఆ వలయాలని లెక్కలు సరిపోతున్నాయి.

చీకటి జంటలు

తార చచ్చినా జంట విడిపోవాలని లేదు. హంస మండలంలోని సిగ్నస్ ఎక్స్-1లో ఒక తార ఎప్పుడో కృష్ణబిలమైపోయింది. రెండోది ఇంకా మండుతోంది. 5.6 రోజులకి ఒక చుట్టు. బతికున్న తార గాలిలోని వాయువు కృష్ణబిలం చుట్టూ సుడి తిరుగుతూ విపరీతంగా వేడెక్కి ఎక్స్ కిరణాలు వెదజల్లుతోంది. 1964లో ఒక రాకెట్టు ప్రయోగంలో ఈ కిరణాలు దొరికాయి. 2021లో తేలిన కొలత ప్రకారం ఆ కృష్ణబిలం సూర్యుడికి 21 రెట్లు. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి పైకి వెళ్ళిన ఆస్ట్రోశాట్ కూడా ఈ జంటని చూసింది.

రెండోది కూడా కూలిపోతే? రెండు కృష్ణబిలాల జంట. సరిగ్గా ఆ ఆస్ట్రోశాట్ ఎగరడానికి రెండు వారాల ముందు, 2015 సెప్టెంబరు 14న, అమెరికాలోని లైగో పరికరాలు మొట్టమొదటిసారి గురుత్వ తరంగాలని పట్టుకున్నాయి. 36 రెట్లు, 29 రెట్లు ఉన్న రెండు కృష్ణబిలాలు కలిసి 62 రెట్లది ఒకటయింది. మిగిలిన 3 సూర్యుళ్ళంత ద్రవ్యం తరంగాలుగా మారి 130 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి మన దగ్గరికి వచ్చింది. అవి అంత దగ్గరికి ఎలా చేరాయి? ఒకప్పటి ఇచ్చిపుచ్చుకోవడాలూ, ఆ దుప్పటీ దీనికి ఒక ముఖ్యమైన మార్గమని భావిస్తున్నారు. మన పొరుగున మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా కట్టడానికి 2023లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఈ సంచిక చదివే మన కాలేజీ పిల్లల్లో ఎవరో ఒకరు అక్కడ పనిచేయాలని నా కోరిక.

మాస్టారికి జవాబు

మాస్టారూ, ఇదీ నా జవాబు. పక్కన మరొకటి ఉంటే, పుట్టినప్పటి ద్రవ్యరాశి ఒక్కటీ చెబితే చాలదు. తోడు తార బరువెంత, ఎంత దూరంలో ఉంది, ఎవరు ముందు ఉబ్బారు అన్నవి కూడా చెప్పాలి. అవి మారితే అదే తార ఎర్రగా పేలవచ్చు, నీలంగా పేలవచ్చు, బట్టలూడిన హీలియం తారగా మిగలవచ్చు, పక్కదానిలో కలిసిపోనూ వచ్చు. బరువైన తారలకి తలరాత ఒంటరిగా రాయబడదు.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా అన్నయ్యకి ఆల్గాల్‌ని చూపించాను. దాని చిక్కు కూడా చెప్పాను, విప్పలేదు. వాడు బీడీ ఆర్పి, పలక మీద లెక్క చేస్తున్నట్టు గాల్లో వేలితో ఏదో గీసుకుని, రెండు నిమిషాల తరవాత అన్నాడు: "ముందు పెద్దది అదేరా. గండి పడుంటుంది." క్రాఫర్డ్ 1955లో చెప్పిన మాట!

ఈసారి ఎవరైనా మా అన్నకి చదువబ్బలేదంటే నేను ఊరుకోను.